పోర్ట్ లూయిస్ రేవులో ఒక పగలు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మారిషస్ వెళ్లేవారు సముద్రతీరపు విడిదులతోనే సరిపెట్టుకోకుండా, రాజధాని పోర్ట్ లూయిస్‌కు ఒక పూర్తి పగలు కేటాయించాలని రెండు నెలల క్రితం ఈ శీర్షికలో రాశాను. ఆ ఒక్క మాట మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, ఆరు ప్రశ్నలకు ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: నవంబరు మొదటి వారంలో మేమిద్దరం ఆరు రోజుల ప్యాకేజీలో మారిషస్ వెళ్తున్నాము. చివరి రోజు మధ్యాహ్నం విమానాశ్రయానికి వెళ్లే ముందు పోర్ట్ లూయిస్‌లో రెండు గంటలు ఆపుతామని, షాపింగ్‌కు అది చాలునని ట్రావెల్ ఏజెంటు అంటున్నారు. నిజంగా చాలుతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: షాపింగ్‌కు చాలవచ్చు గానీ ఊరికి చాలదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇదే పొరపాటు జరిగింది. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు దిగేసరికి బజారు కట్టేసి ఉంది, వీధుల్లో దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. రేవు ఒడ్డున ఉన్న ఒక్క కోడాన్ వాటర్‌ఫ్రంట్‌లోనే మనుషులు కనిపించారు. ఊరంటే ఇంతేననుకొని వెనుదిరిగాను. మూడేళ్ల తరువాత ఒక బుధవారం ఉదయం మళ్లీ అక్కడ నిలబడినప్పుడు గానీ, మొదటిసారి నేను చూసినది ఊరు కాదని అర్థం కాలేదు.

పోర్ట్ లూయిస్ ఆఫీసుల ఊరు, బజారు ఊరు. ఉదయం ఎనిమిదికి దీవి నలుమూలల నుంచి జనం వచ్చి చేరతారు. సాయంత్రం నాలుగు, ఐదు గంటలకల్లా ఇళ్ల దారి పడతారు. అందుచేత సోమవారం నుంచి శుక్రవారం వరకు ఏదో ఒక రోజును, అదీ మీ యాత్ర మధ్యలో పడేటట్లు ఎంచుకోండి. శనివారమైతే మధ్యాహ్నం దాకానే వీలవుతుంది. ఆదివారం వద్దు. మీది నవంబరు మొదటి వారం కనుక ఒక సంగతి చెప్పాలి. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడలో 36 మంది భారతీయ కూలీలు ఈ రేవులో దిగారు. ఆ రోజు అక్కడ ప్రభుత్వ సెలవు. రేవులో వలస కూలీలను దించిన పాత మజిలీ ఆప్రవాసీ ఘాట్ వద్ద స్మారక కార్యక్రమం జరుగుతుంది, బజారు, కార్యాలయాలు మాత్రం మూతపడతాయి. ఊరు చూడడానికి దాని తరువాతి పనిదినాన్ని పెట్టుకోండి.

ఉదయం తొమ్మిది గంటలకు ఆ ఘాట్ దగ్గరే మొదలుపెట్టండి. తరువాత నడుచుకుంటూ సెంట్రల్ మార్కెట్‌కు, అక్కడి నుంచి ప్లాస్ దార్మ్ అనే వీధికి, మధ్యాహ్నానికి కోడాన్‌కు చేరుకోవచ్చు. ఇదంతా కలిపి ఒక కిలోమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ప్లాస్ దార్మ్‌లో రెండు వరుసల తాటిజాతి చెట్ల మధ్య నిలబడితే ఒక కొసన ప్రభుత్వ భవనం, దాని ముందు విక్టోరియా రాణి విగ్రహం కనిపిస్తాయి. రెండో కొసన, సముద్రం వైపు, మాహె ద లా బుర్దొనే విగ్రహం ఉంటుంది. 1735లో ఫ్రెంచి గవర్నరుగా వచ్చి, ఈ రేవును ఓడల మరమ్మతుకు, మంచినీటికి, సరుకులకు పనికివచ్చే పట్టణంగా తీర్చినవాడు ఆయనే. ఐరోపా నుంచి ఆఫ్రికా కొసను చుట్టి మన దేశానికి వచ్చే తెరచాప ఓడలకు ఇది మజిలీ. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకున్నాక ఆ దారికి ప్రాధాన్యం తగ్గింది గానీ, దీవిలో పండే చక్కెర అంతా ఈ రేవు నుంచే బయటికి పోతూ వచ్చింది.

కోడాన్ వాటర్‌ఫ్రంట్‌ను 1996లో తెరిచారు. పాత గిడ్డంగుల తావులో దుకాణాలు, సినిమా హాలు, కాసినో, భోజనశాలలు వచ్చాయి. ఒక నడవ పైన రంగురంగుల గొడుగులు వేలాడదీశారు, అందరూ ఫొటోలు తీసుకునేది అక్కడే. అది బాగుండదని నేను అనను. సాయంత్రం ఆ గట్టు మీద కూర్చుంటే పడమటి సముద్రంలో పొద్దు కుంకడం, వెనక్కి తిరిగి చూస్తే బొటనవేలి ఆకారపు లె పూస్ కొండ, దానికి ఆవల తలమీద బండరాయిని మోస్తున్నట్లుండే పీటర్ బోత్ శిఖరం కనిపించడం ఒక గొప్ప దృశ్యం. అయితే పగలంతా ఊళ్లో తిరిగి అలసి వచ్చి కూర్చున్నవారికి అది ఇచ్చే ఆనందం వేరు, బస్సు దిగి నేరుగా అక్కడికి వెళ్లినవారికి దక్కేది వేరు.

ప్రశ్న: మా అమ్మగారు శుద్ధ శాకాహారి. గుడ్డు కూడా ముట్టరు. ఫ్రెంచి పద్ధతుల ఊళ్లో ఆవిడకు రొట్టె, పండ్లు తప్ప ఏమైనా దొరుకుతాయా? పచ్చళ్లు, పొడులు మోసుకెళ్లాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మగారిని నిశ్చింతగా తీసుకువెళ్లండి. అన్నిటికన్నా ముందు ఆవిడను సెంట్రల్ మార్కెట్‌లోని కూరగాయల అంగళ్ల మధ్యకు తీసుకెళ్లమని నా మనవి.

ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి క్రియోల్ భాషలో కొత్తిమీరను 'కొతొమిలీ' అంటారు. కరివేపాకు 'కరిపులే'. మునగాకు 'బ్రెద్ మురుమ్'. బ్రెద్ అంటే ఆకుకూర, మురుమ్ అన్నది తమిళుల మురుంగై. బీరకాయను 'పిపెంగాయ్' అంటారు, అది వారి పీర్కంగాయే. పచ్చడి 'సతినీ'. ఈ పేర్లు చాలావరకు తమిళుల నోట, ఉత్తరాది వారి నోట వెళ్లినవే. అయినా దక్షిణాది కూరగాయల పేర్లు రెండు వందల ఏళ్లకు దగ్గరగా ఫ్రెంచి ఉచ్చారణలో నానుతూ ఇంకా ఆనవాలు పట్టగలిగేటట్లు ఉన్నాయంటే, ఆ పేర్లను విడవకుండా పట్టుకున్న వంటింటి ఆడవారిని తలచుకోకుండా ఉండలేము. అమ్మే మనిషి కొతొమిలీ అని కేక వేసినప్పుడు, నా పక్కనున్న ఒక తెలుగు పెద్దావిడ ఆగిపోయి ఆ కట్టను చేతిలోకి తీసుకొని చాలాసేపు వాసన చూస్తూ నిలబడడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక తినడానికి. మొట్టమొదట దోల్ పూరీ. పేరు పూరీయే గానీ నూనెలో వేయించరు, పెనం మీద కాలుస్తారు. ఉడికించిన పప్పును పొడిపొడిగా రుబ్బి, పసుపు, జీలకర్ర చేర్చి, పిండి ముద్దలో పెట్టి పలుచగా వత్తుతారు. బెల్లం లేని బొబ్బట్టు అని ఊహించుకోండి; అయితే బొబ్బట్టు కన్నా చాలా పలుచన, మెత్తన. రెండేసి కలిపి, మధ్యలో పెద్ద చిక్కుడు గింజల కూర, టమాటా రుగాయ్ (ఉల్లి, మసాలాతో వండిన టమాటా కూర), పచ్చిమిర్చి సతినీ వేసి, కాగితంలో చుట్టి ఇస్తారు. నిలబడి తినాలి, వేడి తగ్గకముందే తినాలి. ఇళ్లలో పండుగలకు, పెళ్లిళ్లకు దీనినే పాయసంతో కూడా వడ్డిస్తారని తెలిసినప్పుడు, బొబ్బట్టుతో నేను చేసిన పోలిక మరీ దూరపుది కాదనిపించింది.

రెండోది గాతో పిమా. ఫ్రెంచిలో 'మిరపకాయ కేకు' అని అర్థం. చూస్తే చిన్న గోలీలంత మసాలా వడలు. నానబెట్టిన పప్పు బరకగా రుబ్బి, పచ్చిమిర్చి, కొతొమిలీ, ఉల్లికాడలు కలిపి వేయిస్తారు. వాటిని వెన్న రాసిన రొట్టెలో పెట్టుకొని పొద్దున్నే తినడం అక్కడి అలవాటు. ఎండకు అలూదా తాగించండి. పాలు, సబ్జా గింజలు, అగర్‌తో చేసిన జెల్లీ తురుము, తీపి పాకం కలిపిన చల్లని పానీయం అది. మన ఫలూదాకు దగ్గర చుట్టం. కొందరు పైన ఐస్‌క్రీము వేస్తారు కనుక, గుడ్డు విషయంలో పట్టింపు ఉన్న అమ్మగారికి అది లేకుండా ఇమ్మని అడగండి.

జాగ్రత్త పడవలసినది చైనాటౌన్‌లో. రాయల్ రోడ్డు మీద, జుమ్మా మసీదుకు దాపున ఉన్న ఆ పేటలో 'మీన్ ఫ్రీ' అనే వేపుడు నూడుల్స్, ఆవిరిపై ఉడికించి చారులో వేసి ఇచ్చే 'బులెత్' ఉండలు ప్రసిద్ధం. సీమవంకాయతో చేసిన బులెత్ పేరుకు కూరగాయదే అయినా అందులో మాంసమో ఎండురొయ్యో కలవవచ్చు. శాకాహారమేనా అని అడిగితే చేపను లెక్కలోకి తీసుకోకుండా అవునని చెప్పేవారు కూడా ఉంటారు. కాబట్టి మాంసం, చేప, రొయ్య, గుడ్డు అని ఒక్కొక్కటీ విడిగా పేరు చెప్పి అడగండి. ఇంగ్లీషు దాదాపు అందరికీ అర్థమవుతుంది.

పచ్చళ్లు మోయనక్కరలేదు. ఆవపొడి, పసుపు, నూనెలో కూరగాయ ముక్కలు కలిపిన 'అషార్' బజారులోనే దొరుకుతుంది. అమ్మగారికి ఉప్పు కాస్త తక్కువనిపించవచ్చు.

ప్రశ్న: చేపలు, పీతలు, రొయ్యలు మాకు ప్రాణం. రేవు ఒడ్డు హోటళ్లలో తినడమా, ఊళ్లోకి వెళ్లడమా? ఖర్చు ఎలా ఉంటుంది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మధ్యాహ్నం ఊళ్లో, సాయంత్రం ఒడ్డున అని నా సలహా. ఆఫీసు ఉద్యోగులు తినే చిన్న భోజనశాలలు సెంట్రల్ మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో ఉంటాయి. ఆ రోజు వండిన నాలుగైదు కూరల పేర్లు పలక మీద రాసి ఉంచుతారు. అన్నం, పప్పు, ఆకుకూర, ఒక చేప లేదా మాంసం కూర, సతినీ ఒకే పళ్లెంలో వస్తాయి. పన్నెండున్నరకు వెళ్తే కుర్చీ దొరకదు, రెండు దాటితే కూర దొరకదు. పదకొండున్నరకే కూర్చోండి.

చేప విందాయ్ అన్నది కనిపిస్తే వదలకండి. వేయించిన చేప ముక్కలకు నూరిన ఆవాలు, పసుపు, వెల్లుల్లి, సిర్కా, ఉల్లిపాయలు పట్టించి ఊరనిస్తారు. పేరు పోర్చుగీసు వారిది, గోవాలోని విందాలూకు తోబుట్టువు. రుచి మాత్రం మన ఆవపెట్టిన కూరకు దగ్గర. మరునాటికి ఇంకా బాగుంటుంది. రెండోది ఉరీత్ కూర, అంటే ఆక్టోపస్. విశాఖ వారికైనా అది కొత్తే అవుతుంది. మెత్తబడేదాకా ఓపికగా ఉడికించినచోట గొప్పగా ఉంటుంది, తొందరపడినచోట రబ్బరులా సాగుతుంది. ఎండుచేప రుగాయ్ తింటే పరాయి దేశంలో ఉన్నామన్న సంగతే మరచిపోతారు. బిర్యానీని అక్కడ 'బ్రియానీ' అంటారు. ముస్లిం వంటవారు పెద్ద దేగిశాల్లో, బంగాళదుంపలు వేసి వండుతారు. హైదరాబాదు బిర్యానీతో పోల్చకుండా తినగలిగితే చాలా రుచిగా ఉంటుంది.

ఒడ్డున ఉన్న హోటళ్లలో భారతీయ, చైనా, ఫ్రెంచి, క్రియోల్ వంటలన్నీ దొరుకుతాయి. ధర ఊళ్లోకన్నా చాలా ఎక్కువ. మెనూలో వేసిన ధర మీద 15 శాతం వ్యాట్ అదనంగా చేరే చోట్లు ఉన్నాయి కనుక, కూర్చోకముందే ఆ సంగతి కింద చిన్న అక్షరాలలో ఉందేమో చూడండి. ఒకచోట ఆ రోజు చేప అని చెప్పి, బరువును బట్టి ధర అని చెప్పకుండా, బిల్లులో మా అంచనాకు రెండింతలు వేశారు. తూచి, ధర అడిగి, ఆ తరువాతే వండమనండి. పొగబెట్టిన మార్లిన్ చేపను పలుచని ముక్కలుగా కోసి మొదటి వడ్డనగా ఇస్తారు, అది మాత్రం ఒడ్డు హోటళ్లలోనే బాగుంటుంది. సాయంత్రం ఆరు దాటాక ఊరి వీధులు నిర్మానుష్యమవుతాయి, బస్సులూ పలుచబడతాయి కాబట్టి, భోజనం రాత్రికి పెట్టుకుంటే విడిదికి తిరిగివెళ్లే కారు ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు, తపాలా బిళ్లలు సేకరిస్తాడు. ప్రపంచ ప్రసిద్ధమైన మారిషస్ బిళ్లలు అక్కడ చూడవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చూడవచ్చు, అయితే సమయం చూసుకొని వెళ్లాలి. 1847లో మారిషస్ ప్రభుత్వం ఒక పెన్నీ, రెండు పెన్నీల బిళ్లలను స్థానికంగా చెక్కించి అచ్చు వేయించింది. ఒక్కొక్కటి 500 మాత్రమే అచ్చయ్యాయి. నేడు ప్రపంచం మొత్తం మీద మిగిలినవి 30 కూడా లేవు. వాటి మీద 'పోస్ట్ ఆఫీస్' అని ఉండడం, తరువాతి బిళ్లల మీద 'పోస్ట్ పెయిడ్' అని మారడం వల్ల, మొదటిది చెక్కినవాడి పొరపాటని ఒక కథ చాలాకాలం చెప్పుకున్నారు. ఆ కథకు ఆధారం లేదని తరువాతి పరిశోధకులు తేల్చారు. మీ అబ్బాయి ఆ కథ వినే ఉంటాడు.

1993లో మారిషస్ సంస్థలు కొన్ని కలిసి ఎరుపు నారింజ రంగు ఒక పెన్నీ, నీలం రెండు పెన్నీల బిళ్లలను వేలంలో కొని స్వదేశానికి తెచ్చుకున్నాయి. అవి కోడాన్‌లోని బ్లూ పెన్నీ మ్యూజియంలో ఉన్నాయి. వెలుతురుకు రంగు వెలుస్తుందని, అసలు బిళ్లలపై ప్రతి గంటలోనూ కొద్ది నిమిషాలు మాత్రమే దీపం వెలిగిస్తారు, మిగతా సమయమంతా నకళ్లే కనిపిస్తాయి. టికెట్టు కొనేటప్పుడే తరువాత దీపం ఎప్పుడో అడగండి. ఆదివారం మ్యూజియం ఉండదు.

ప్రశ్న: మాకిద్దరికీ డెబ్బై దాటాయి, నాకు మోకాళ్ల నొప్పులు. ఎండకు, నడకకు తట్టుకోగలమా? తుపానుల భయం ఏ నెలల్లో?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మే నుంచి అక్టోబరు మధ్య వెళ్లండి, అది వారికి చలికాలం. కొండల చాటున ఉండడం వల్ల పోర్ట్ లూయిస్ దీవిలోని మిగతా ఊళ్లకన్నా వేడిగానే ఉంటుంది గానీ, ఆ నెలల్లో వరంగల్లు వేసవి చూసినవారికి అదొక లెక్క కాదు. తుపానులు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. క్యూర్‌పిప్ అనే పట్టణం వైపు నుంచి వచ్చేవారికి మెట్రో రైలు ఉంది, ఎక్కడం దిగడం సులువు.

ఒక్క హెచ్చరిక. ఊరికీ రేవు ఒడ్డుకూ మధ్య పెద్ద రహదారి అడ్డుగా ఉంటుంది, దానిని దాటడానికి భూగర్భ నడకదారులు ఉన్నాయి. 2013 మార్చి 30న కొద్దిసేపట్లో కురిసిన కుండపోత వానకు ఊరంతా వరద ముంచెత్తి 11 మంది చనిపోయారు. వారిలో కొందరు కోడాన్ వద్ద ఆ నడకదారిలో చిక్కుకున్నవారే. కుండపోతగా వాన పడుతుంటే ఎవరు రమ్మన్నా ఆ మెట్లు దిగకండి, ఎత్తుగా ఉన్నచోట ఆగండి.

ప్రశ్న: మా ముత్తాతగారి అన్న ఒకరు కోరంగి రేవులో ఓడ ఎక్కి మారిషస్ వెళ్లి తిరిగి రాలేదని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆయన దిగిన చోటు ఇప్పుడు ఉందా? ఆయన వివరాలు దొరుకుతాయా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ ఉత్తరం అన్నిటికంటే చివర పెట్టుకున్నాను, దీనికి తీరికగా జవాబివ్వాలని.

ఆయన దిగిన చోటు ఉంది. 1849 నుంచి వలస కూలీలను దించిన మజిలీయే ఆప్రవాసీ ఘాట్. పూర్వం దానిని కూలీ ఘాట్ అనేవారు. బానిసత్వం రద్దవుతున్న రోజుల్లో (అక్కడ అది 1835లో రద్దయింది) చెరకు తోటలకు మనుషులు కావలసి, 1834 నుంచి 1920 మధ్య దాదాపు 5 లక్షల మందిని ఒప్పందం మీద రప్పించారు. ఓడ దిగినవారు అక్కడ రెండు రోజులు ఉండి, పేరు రాయించుకొని, నంబరు తీసుకొని తోటలకు వెళ్లేవారు. ఆ కట్టడాలలో కొంత భాగమే మిగిలింది. తరువాతి కాలంలో రోడ్డు పడి చాలా పోయాయి. మిగిలినవాటిలో 16 రాతి మెట్లు ఉన్నాయి. వచ్చినవారంతా ఆ మెట్ల మీదుగానే లోపలికి నడిచారు. 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ప్రవేశం ఉచితం. పక్కనే ఉన్న వివరణ కేంద్రాన్ని ముందు చూసి ఆ తరువాత మెట్ల దగ్గరికి వెళ్లండి. దగ్గరలోని పాత సైనిక ఆసుపత్రి భవనంలో బానిసత్వ చరిత్ర మ్యూజియం ఉంది, దానినీ వదలకండి. మన వాళ్లకన్నా ముందు ఆ తోటల్లో చెమటోడ్చినవారి కథ అది.

గోదావరి ముఖద్వారంలో కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో, 1839లో వచ్చిన తుపానులు దానిని తుడిచిపెట్టాయి. అయినా ఆ పేరు మారిషస్‌లో నిలిచింది: అక్కడికి వెళ్లిన తెలుగువారిని ఆ రేవు పేరుతోనే 'కోరింగీలు' అనేవారు. వారి సంతతి నేటికీ రామభజన చేస్తుంది, అమ్మోరు పండుగ చేసుకుంటుంది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది అక్కడే.

వివరాల కోసం పోర్ట్ లూయిస్ కాదు, మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాలి. వలస వచ్చినవారి రిజిస్టర్లు అక్కడ భద్రపరిచారు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఓడ పేరు, నంబరు వాటిలో ఉంటాయి. 1860ల తరువాత వచ్చిన చాలామంది ఫొటోలు కూడా ఉన్నాయి. వెళ్లేముందే ఉత్తరం రాసి అనుమతి, సమయం అడగండి. మీరు ఇంటి పేరు మీద ఆధారపడకండి. గుమాస్తాలు తమకు వినిపించినట్లు ఇంగ్లీషులో రాసుకున్నారు, ఇంటి పేర్లు చాలావాటిలో ఎక్కనే లేదు. ఆయన తండ్రి పేరు, పుట్టిన ఊరు, ఏ కాలంలో వెళ్లారన్న అంచనా, ఆ ఊరికి అప్పట్లో ఉన్న పాత పేరు, ఈ నాలుగూ కాగితం మీద పెట్టుకొని, పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగా రాసి తీసుకువెళ్లండి. అప్పలస్వామి అన్న పేరు ఒక్కటే ఎన్ని విధాల మారగలదో ఒకసారి రాసి చూసుకోండి. మీ ఇంట్లో పెద్దవారు ఎవరైనా ఉంటే, ఆయన పేరును వారు పలికే తీరు ఇప్పుడే ఫోనులో రికార్డు చేసి ఉంచండి. గుమాస్తా చెవికి వినిపించినది ఆ పలుకే.